బ్రాకెట్లో మాట

నా మెడలో పసుపు బిళ్ళ. పెళ్ళి కాదు, ఇంటర్న్‌షిప్.
పసుపంటే ఆర్నెల్లు. పసుపంటే జీతం లేదు.
పసుపంటే మూడో అంతస్తు కాంటీన్లో
పూర్తి ధర కాఫీ.
నీలం బిళ్ళలవాళ్ళు నాకోసం తలుపు పట్టుకుంటారు,
నవ్వుతారు, పేరు సరిగ్గా పలకాలని చూస్తారు.
మంచివాళ్ళే. ఆ మాట ముందే చెప్పుకోవాలి.

ఈస్ట్ రివర్ కనిపించే అద్దాల గదిలో
యువజన విధానం బల్ల నాది.
బల్లంటే సగం బల్ల.
మిగతా సగం హరారే నుంచి వచ్చిన టెండాయిది.
క్వీన్స్‌లో ఎవరి సోఫా మీదో పడుకుంటాడు,
ఏ అంతస్తులో ఏ విందు ఎన్నింటికి ముగుస్తుందో
కంఠతా వచ్చు అతనికి.
బుధవారం వయోవృద్ధుల సదస్సు: జున్ను ముక్కలు.
గురువారం సముద్రాలు: చేప లేని శాండ్‌విచ్‌లు.
కాగితం రుమాల్లో చుట్టి తెచ్చి
సగం నా వైపుకి జరిపేవాడు,
మాట్లాడకుండా.

జులైలో ముసాయిదా మొదలైంది.
ఒప్పుకోని మాటని ఇక్కడ కొట్టెయ్యరు,
చదరపు బ్రాకెట్లో కూర్చోబెడతారు,
స్టేషన్లో బెంచీ మీద కూర్చోబెట్టినట్టు.
కేసు రాయరు, ఇంటికీ పంపరు.
పధ్నాలుగో పేరాలో అలా కూర్చుంది ఒకటి:
యువతకు [వేతనంతో కూడిన] శిక్షణావకాశాలు.

నాలుగు రోజులు కూర్చుంది.
ఒక దేశం దాన్ని ‘తగిన’ అని మార్చమంది.
ఒక దేశం ముందు ‘వీలైనచోట’ అని మెత్త వేసింది.
ఒక పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ
మా రోజుల్లో ఈ గదిలోకి రావడమే జీతం అన్నాడు.
నేను మినిట్స్‌లో ‘నవ్వులు’ అని రాసి
కొట్టేశాను.

శుక్రవారం రాత్రి పదకొండున్నర.
దుబాసీలు వెళ్ళిపోయారు, ఏసీ ఆగిపోయింది.
అధ్యక్షురాలు హెడ్విగ్ బల్ల కింద చెప్పులు విప్పుకుని
‘ఇక తీసేద్దామా?’ అంది, అలసటగా, దయగా.
ఎవరూ చెయ్యెత్తలేదు.
ఎత్తే హక్కు లేని చెయ్యి ఒకటి
మీటల మీద ఉంది.

గోడంత తెర మీద అది ఇంగ్లీషే.
నాలోపల మాత్రం తెలుగులో చెరిగింది,
మొదటినుంచి.
‘వే’ పోయింది.
‘తనం’ మిగిలింది.
ఒంటరిగా నిలబడలేదది, దేన్నో ఒకదాన్ని
పట్టుకు వేలాడాలి:
కుర్రతనం. మంచితనం. లేనితనం.
ఏదైనా సరే.
అప్పుడు అదీ పోయింది.
చప్పట్లు కొట్టారు.
నేనూ కొట్టాను.

సోమవారం బ్రాంక్స్ నుంచి నలుగురు పిల్లలొచ్చారు,
తలా మూడు నిమిషాలు మాట్లాడటానికి.
యాదియెల్‌కి పదిహేడేళ్ళు.
తమ వీధిలో మూసేసిన యువజన కేంద్రం తాళం గురించి చెప్తూ
ఆ తాళం ఏ కంపెనీదో చెప్పేలోగా
మైకు ఎర్రబడింది.

గేటు దాకా దిగబెడుతుంటే అడిగాడు:
నీకెంతిస్తారు?
అనుభవం, అన్నాను.
చిల్లర తక్కువిచ్చినా లెక్కపెట్టుకోని మనిషిని
చూసినట్టు చూశాడు.
సూపర్‌మార్కెట్లో బండ్లు తోస్తే
తనకి గంటకి పదిహేడు.

గ్రాండ్ సెంట్రల్లో నా కార్డు పలకలేదు.
మళ్ళీ పెట్టాను. పలకలేదు.
వెనక జనం నిట్టూర్చారు.
అప్పటికే లోపలికెళ్ళినవాడు వెనక్కొచ్చి
కడ్డీ మీదుగా చెయ్యి చాపి
తన కార్డు తాకించాడు.
పచ్చదీపం.
‘పద’ అన్నాడు, అంతే,
తన మెట్లవైపు వెళ్ళిపోయాడు.

మా నివేదికలో అతన్ని లబ్ధిదారు అంటాం.
ఏడో నంబరు రైలు నది కిందికి దూరాక,
ఫోను చచ్చిపోయిన ఆ రెండు నిమిషాల్లో
నన్నేమనాలా అని ఆలోచించాను.
ఒక మాట దొరికింది, నచ్చలేదు.
ఇంకోటి వెతుకుతుండగానే
రైలు పైకి తేలింది. ఎండ.
ఎదుటి సీట్లో ఎవరో నా మెడకేసి చూస్తున్నారు.
బిళ్ళ తీసి
జేబులో పెట్టుకున్నాను.